గాలి లెక్క కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో నెల్లూరు సైకిల్ కుర్రాళ్ల మీద వచ్చిన వార్త చదివాను. తెల్లవారుజామున లేచి తొక్కే పిల్లల గురించి పేపర్లో రావడం సంతోషంగా అనిపించింది. ఒక్కటే నచ్చలేదు, దాని గురించే ఈ ఉత్తరం. ఒక్కో అబ్బాయి ఫొటో కింద వాడి జీపీఎస్ మీటర్ చూపించిన సగటు వేగం వేశారు. ఒకరికి గంటకు 31 కిలోమీటర్లు, ఇంకొకరికి 29, ఆఖరి ఫొటో కింద 24. ఆ ఆఖరి ఫొటోలో ఉన్నవాడు నా దగ్గర పదో తరగతి చదివాడు. ఆ రోజు సాయంత్రమే ఇంటికొచ్చి, 'పేపర్లో అందరికన్నా నాదే తక్కువ సార్, ఇంకా మంచి మీటర్ కొనాలా, సైకిలే మార్చాలా?' అని అడిగాడు. వాడి ముఖం చూసి నాకు చాలా బాధేసింది. ఆ 24 వాడు ఏ రోడ్డు మీద, ఏ పూట, గాలి ఎటు నుంచి కొడుతున్నప్పుడు తొక్కాడో మీ వార్తలో లేదు. 31 వచ్చిన అబ్బాయిదీ లేదు. అవేవీ లేకుండా వేగం ఒక్కటే వేస్తే, పరీక్ష ఏదో చెప్పకుండా మార్కులు మాత్రం నోటీసు బోర్డు మీద అంటించినట్టు ఉంటుంది.

నా గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈయనెవరు చెప్పడానికి అనుకుంటారు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే మాస్టారుని, వయసు 51. ఆరేళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను, మూడేళ్లుగా మీటర్ వాడుతున్నాను. వారానికి నాలుగు రోజులు, ఎక్కువగా నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే మైపాడు రోడ్డు మీదే. ఈ మీటర్ నాకు చాలా మేలు చేసింది, అందుకే దాన్ని తప్పుగా వాడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

మీటర్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, హ్యాండిల్ మీద బిగించుకుంటాం. గార్మిన్, వాహూ, బ్రైటన్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి, ధర నాలుగైదు వేల నుంచి అరలక్ష దాటి కూడా ఉంది. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు 'నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైమ్ ఇంత' అని ఎప్పుడూ చెబుతూనే ఉంటాయి. ఆ సిగ్నల్ మన హ్యాండిల్ దాకా రావడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి మీటర్ దూరం లెక్కకడుతుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మన చోటు తెలిసిపోవాలి, కానీ మీటర్లో ఉండే గడియారం మామూలుది, సెకనులో పది లక్షల వంతు తప్పినా 300 మీటర్ల తేడా వచ్చేస్తుంది, ఆ తప్పును సరిచేసుకోవడానికే నాలుగో ఉపగ్రహం కావాలి. తొమ్మిదో తరగతి పిల్లలకి ఇది చెబుతుంటే క్లాసులో చడీచప్పుడు ఉండదు. మన నెల్లూరు వాళ్లకైతే ఇది ఇంకా దగ్గరి సంగతి. మన దేశపు సొంత నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 2013 జులై 1 రాత్రి 11 గంటల 41 నిమిషాలకు పక్కనున్న శ్రీహరికోట నుంచే లేచింది, ఆ వెలుగు చూద్దామని మా వీధిలో సగం మంది డాబాలు ఎక్కారు.

ఇంత తెలిసిన మీటర్‌కి గాలి సంగతి మాత్రం తెలియదు. మనం ఎక్కడున్నాం, ఎంత వేగంగా పోతున్నాం అన్నది చెబుతుంది, ఆ వేగం మన కాళ్లది ఎంత, వెనక నుంచి తోసిన గాలిది ఎంత అన్నది చెప్పలేదు.

మనది చదును నేల. మైపాడు గేటు దాటాక సముద్రం దాకా చెప్పుకోదగ్గ ఎత్తు ఎక్కడా లేదు. నరసింహకొండకో పెంచలకోనకో పోతే తప్ప మన సైకిళ్లకి ఎగుడంటే తెలియదు. మనకి ఎగుడైనా దిగుడైనా గాలే. రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకి పోతుంది, అటూ ఇటూ పొలాలు, ఆ తర్వాత రొయ్యల గుంటలు, గాలికి అడ్డంగా ఒక చెట్ల వరుస కూడా సరిగ్గా ఉండదు. గాలి లేని రోజు గంటకు 20 కిలోమీటర్లతో పోతుంటే మనిషికి ఎదురయ్యే గాలి కూడా 20తోనే తగులుతుంది. ఎదురుగాలి ఇంకో 10 ఉందనుకోండి, అప్పుడు 30తో తగులుతుంది. గాలి అడ్డుకునే బలం వేగం పెరిగినంత మాత్రమే పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది, అంటే ఒకటిన్నర రెట్లు గాలికి రెండుంపావు రెట్లు బలం. సైకిల్ అదే 20తో కదులుతుంటుంది, మీటర్ అదే 20 చూపిస్తుంటుంది, తొక్కేవాడి కాళ్లు మాత్రం చచ్చిపోతుంటాయి.

జూన్ ఆఖర్లో ఒక రోజు నా మీటర్లో ఉన్నది చెబుతాను. పొద్దున పడమటి గాలి గట్టిగా కొడుతోంది. సముద్రం వైపు పోయేటప్పుడు 27, తిరిగి వచ్చేటప్పుడు 19. గుండె కొట్టుకోవడం మాత్రం రెండు వైపులా నిమిషానికి 135 దగ్గరే ఉంది, అంటే నేను పడిన కష్టం ఒక్కటే. ఇక్కడ చాలామంది పొరపాటు పడే లెక్క ఒకటుంది. 27, 19 కలిపి రెండుతో భాగిస్తే 23 వస్తుంది, కానీ మీటర్ 22.3 చూపించింది. మీటర్ తప్పు కాదు. దూరం ఒక్కో వైపు 20 కిలోమీటర్లు అనుకుంటే పోవడానికి 44 నిమిషాలు, రావడానికి 63 నిమిషాలు, మొత్తం 40 కిలోమీటర్లకి గంటా 47 నిమిషాల పైన. నెమ్మదిగా పోయిన వైపు ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి సగటును అదే కిందికి లాగుతుంది. పోయేటప్పుడు గాలి ఇచ్చింది వచ్చేటప్పుడు తీసుకునేదాంతో సరిపోదు, ఎప్పుడూ మనకే నష్టం. అదే జనవరిలో, మంచు పట్టిన పొద్దున, ఆకు కదలని రోజు, అదే రోడ్డు మీద అదే 135తో పోను 24, రాను 24. మీరు నా ఫొటో వేసి జూన్ అంకె వేస్తే ఒక మనిషిని, జనవరి అంకె వేస్తే ఇంకో మనిషిని.

ఇక 31 ఎలా వస్తుందో కూడా చెప్పాలి. ఆ అబ్బాయి నిజంగానే గట్టివాడు కావచ్చు, నేను కాదనను. కానీ గాలి వెనక ఉన్న వైపు మాత్రమే ఒక రైడ్‌గా సేవ్ చేసుకుని, వచ్చేటప్పుడు ఇంకో రైడ్ మొదలుపెడితే వస్తుంది. ఆటో పాజ్ ఉంటుంది, అంటే ఆగిన టైమ్ లెక్కలోకి రాదు, ఇందుకూరుపేటలో టీకి ఆగిన పావుగంట మీటర్‌కి లేనే లేదు. పదిమంది గుంపులో ముందువాడి చక్రం వెనక పోతే గాలి భారం చాలా తగ్గుతుంది, ఒంటరిగా తొక్కేవాడికి ఆ సాయం ఉండదు. ఆ 24 అబ్బాయి ఒక్కడే తొక్కుతాడు. వాళ్ల నాన్నకి పాల వ్యాపారం, ఉదయం 6 గంటలకల్లా వాడు ఇంట్లో ఉండాలి, గుంపుతో పోయే తీరిక వాడికి లేదు.

మైపాడు ఒడ్డున వలలు బాగుచేసుకునే పెద్దాయన ఒకాయన నాకు పరిచయం. ఒకరోజు నేను ఎదురుగాలి గురించి ఆయనతో వాపోతే, 'గాలి ఎటుందో చూసుకోకుండా ఎవురన్నా బయల్దేరతారా సారూ' అన్నాడు. నాకు అప్పటిదాకా తట్టలేదు. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు గాలి, పొద్దెక్కి నేల కాగాక సముద్రం మీంచి నేల వైపు గాలి, ఇది నేను ఏటా పాఠంలో చెప్పేదే. ఆ పాఠాన్ని సైకిల్ దాకా తెచ్చుకోలేదు. ఆ మాట తర్వాత నేను ప్రతి రైడ్ కింద గాలి దిక్కు రాసుకోవడం మొదలుపెట్టాను, మూడేళ్ల నోట్సు ఉంది, దానివల్లే ఇవాళ ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

ఇందులో అంకెల గొడవ కన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో మా పక్కవీధి కుర్రాడు, ఇంటర్ చదువుతున్నవాడు, గ్రూపులో స్నేహితుడు పెట్టిన, సగటు వేగం 30 అని ఉన్న స్క్రీన్‌షాట్ చూసి దాన్ని దాటాలని పోయాడు. కోతలయ్యాక రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది, పక్కన రాళ్లు పెట్టి ఉన్నాయి. వాడి చూపు మీటర్ మీద ఉంది. 29.6 నుంచి 29.8కి వస్తోంది సార్, ఇంకాస్త తొక్కితే 30 వచ్చేది అని ఆసుపత్రిలో మంచం మీద పడుకుని నాతో చెప్పాడు. భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది. రైతులను అనడానికి లేదు, కల్లాలు లేక రోడ్డు మీద పోసుకుంటున్నారు, వాళ్ల కష్టం వాళ్లది. ఆ పిల్లాడినీ అనలేను. ఆ అంకె ఒక్కటే గొప్ప అని వాడికి మనమందరం నేర్పాం.

ఆ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నేను నా మీటర్ తెర మీద వేగం గడి తీసేశాను. దాదాపు అన్ని మీటర్లలోనూ తెర మీద ఏ గడులు ఉండాలో మనమే పెట్టుకోవచ్చు, ఇది చాలామందికి తెలియదు, కొన్న రోజున ఎలా వచ్చిందో అలాగే వాడేస్తారు. ఇప్పుడు నా తెర మీద మూడే ఉన్నాయి. గుండె వేగం, పెడల్ తిరిగే లెక్క, బయల్దేరి ఎంతసేపయిందన్నది. వేగం, దూరం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక ఫోన్లో చూసుకుంటాను. అవి ఎక్కడికీ పోవు, మీటర్ అన్నీ రాసుకునే ఉంటుంది. ఈ ఒక్క మార్పుతో రోడ్డు మీద నా చూపు రోడ్డు మీదే ఉంటోంది, ఎదురుగాలిలో కూడా టెన్షన్ లేదు, ఎందుకంటే 19 కనబడదు, 135 కనబడుతుంది, నేను చేయాల్సిన పని నేను చేస్తున్నాను అని తెలుస్తుంది.

గుండె వేగానికి ఛాతీకి కట్టుకునే పట్టీ ఉంటుంది, చేతి పట్టీ కూడా వస్తుంది. 220 లోంచి వయసు తీసేస్తే గరిష్ఠం అంటారు గానీ అది ఉజ్జాయింపు లెక్క, మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ మామూలుగానే ఉంటుంది. కాబట్టి పక్కవాడి అంకె మనకి పనికిరాదు. నేను పిల్లలకి చెప్పేది తేలిక పద్ధతి. పక్కన తొక్కే మనిషితో ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగినప్పుడు మీటర్ ఎంత చూపిస్తుందో గుర్తు పెట్టుకో, వారంలో ఎక్కువ రోజులు ఆ లోపలే తొక్కు, ఒకటి రెండు రోజులు మాత్రం దాటు. నేను మొదట్లో రోజూ ఒగరుస్తూ తొక్కేవాణ్ని, అదే కసరత్తు అనుకునేవాణ్ని, ఏడాదైనా ముందుకు పోలేదు. నెమ్మదిగా తొక్కడం మొదలుపెట్టాకే అదే 135తో 21 ఉన్నది 24 అయింది, అదీ గాలి లేని రోజులను గాలి లేని రోజులతో పోల్చితేనే కనబడింది. 50 దాటినవాళ్లు, బీపీ షుగర్ ఉన్నవాళ్లు ఈ లెక్కలన్నిటికీ ముందు డాక్టర్ని అడగాలి.

మన ఎండాకాలంలో ఇంకో సంగతి. మే నెలలో ఒకే కష్టంతో తొక్కుతున్నా గంట గడిచేసరికి గుండె 135 నుంచి 145, 150కి పాకుతుంది. ఒంట్లో నీరు చెమటగా పోతుంది, ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు ఎక్కువ పోవాలి, గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సిందే. అప్పుడు వేగం నిలబెట్టుకోవాలని చూడకూడదు, వేగం తగ్గించి గుండెను కిందికి తేవాలి, నీళ్లలో చిటికెడు ఉప్పు వేసుకుని తాగాలి. మీటర్లో ఉష్ణోగ్రత కూడా చూపిస్తుంది గానీ ఎండలో ఆ పెట్టే కాగిపోయి ఎక్కువ చూపిస్తుంది, దాన్ని పట్టుకుని నెల్లూరులో 47 డిగ్రీలని వార్తలు పుట్టించకండి.

పెడల్ లెక్క గురించి కూడా ఒక మాట. మనవాళ్లు బరువు గేర్ వేసి నిమిషానికి 55, 60 చుట్లు తొక్కుతారు, మోకాళ్లు నొప్పులంటారు. గేర్ తేలిక చేసి 80 నుంచి 90 మధ్య తిప్పడం అలవాటు చేసుకుంటే ఎక్కువమందికి హాయిగా ఉంటుంది. నాకు రెండు నెలలు పట్టింది. ఇక ఇద్దరి మీటర్లలో దూరం 40.2, 39.9 అని తేడా వస్తే వాదించుకోవద్దు, జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా మామూలే, మూలాపేట సందుల్లో మేడల మధ్య ఇంకా ఎక్కువ.

ఆడపిల్లలు ఉన్న ఇళ్లవాళ్లు ఇది తప్పక చదవాలి. మీటర్ రాసుకున్న దారి యాప్‌లోకి పోతుంది, అక్కడ అందరికీ కనబడేలా వదిలేస్తే రోజూ ఏ ఇంటి ముందు మొదలై ఏ టైమ్‌కి ఎటు పోతున్నారో ముక్కూ ముఖం తెలియనివాళ్లు కూడా చూడొచ్చు. 2017 ఆఖర్లో స్ట్రావా యాప్ వేసిన ప్రపంచ పటంలో సైనికులు పరుగెత్తిన దారులు వెలుగుతూ కనబడి, వాళ్ల స్థావరాల ఆనవాళ్లు బయటపడ్డాయని 2018 మొదట్లో పెద్ద గొడవే అయింది. ఇంటి చుట్టుపక్కల దారి కనబడకుండా దాచే వీలు సెట్టింగుల్లో ఉంటుంది. మా అమ్మాయి ఫోన్లో నేనే దగ్గర కూర్చుని పెట్టించాను.

బ్రెవె అని దూరపు సైకిల్ ప్రయాణాలు ఉన్నాయి, ఫ్రాన్స్‌లో పుట్టిన పద్ధతి, మన దేశంలోనూ జరుగుతున్నాయి. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు, 600కి 40 గంటలు గడువు. గడువులోగా వచ్చినవాళ్లందరూ సమానమే, మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు. నేను 200వి రెండు పూర్తి చేశాను. నా కన్నా నాలుగు గంటల ముందు చేరినవాళ్లు ఉన్నారు, వాళ్లకీ నాకూ ఇచ్చిన పతకం ఒక్కటే. ఆ పతకం ఆ 24 అబ్బాయికి చూపించాను. చేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

సంపాదకులు గారూ, మిమ్మల్ని రెండు అడుగుతున్నాను. ఇంకోసారి సైకిల్ పిల్లల గురించి రాసినప్పుడు వేగం వేయకండి, వేయక తప్పదంటే రోడ్డు, నెల, గాలి పక్కనే వేయండి. రెండోది, మీ జిల్లా పేజీలో రోజూ ఎండ ఎంత, వాన ఎంత, సోమశిలలో నీళ్లెన్ని అని వేస్తున్నారు. దాని కింద ఒక్క లైను గాలికి ఇవ్వండి. రేపు పొద్దున 6 గంటలకు ఏ దిక్కు నుంచి, గంటకు ఎన్ని కిలోమీటర్లు, సముద్రపు గాలి ఎన్ని గంటలకు తిరగొచ్చు. వాతావరణ శాఖ ఈ సమాచారం ఇస్తుంది, మత్స్యకారుల కోసం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం మీద గాలి అంచనాలు ఎప్పటికప్పుడు ఇస్తూనే ఉంది, మీరు తెచ్చుకుని వేస్తే చాలు. మాకే కాదు, పొలానికి మందు కొట్టే రైతుకి, వేటకి పోయే మనిషికి, రొయ్యల గుంట మీద నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఎప్పుడు తిప్పాలా అని చూసుకునే కాపలాదారుకి కూడా ఆ లైను పనికొస్తుంది. మైపాడు ఒడ్డున ఉన్న ఆ పెద్దాయనకి నేనే రోజూ పేపర్ తీసుకెళ్లి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ మాస్టారు,
వేదాయపాళెం, నెల్లూరు.